తొమ్మిదో తరగతిలో గొంతు తగ్గించడం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి నాకు పంతొమ్మిదేళ్ళయింది. అందులో ఎక్కువ కాలం తొమ్మిది, పది తరగతులతోనే గడిచింది కనుక, ఆ వయసు పిల్లలను అదుపులో ఉంచడం గురించి నాకు అర్థమైనంత వరకు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆరో తరగతి పిల్లవాడిని మందలిస్తే వాడు మన ముఖం వైపు చూస్తాడు. తొమ్మిదో తరగతి కుర్రవాడు మాత్రం ముందుగా తన పక్కనున్నవాళ్ళ ముఖాలు చూస్తాడు. నలుగురిలో పరువు పోయిందని అనిపించాక, చేసిన తప్పు గురించి ఆలోచించే తీరిక వాడికి ఉండదు, పోయిన పరువును ఎలా నిలబెట్టుకోవాలా అన్నదే వాడి ధ్యాస అవుతుంది.

నేను చదువుకున్న రోజుల్లో బడి అంటే గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. "దండం దశగుణం భవేత్" అన్న మాటను మా మాస్టార్లు మనసారా నమ్మేవారు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షన్‌లో శారీరక దండనతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉద్దేశించినది కనుక పదో తరగతికి వర్తించదని స్టాఫ్ రూములో వాదించినవారిని నేను చూశాను. పద్నాలుగు నిండిన మర్నాటి నుంచి పిల్లవాడిని కొట్టవచ్చునన్న వాదన నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోము" అని చెప్పి వెళ్ళే తల్లిదండ్రులది బిడ్డ ఎక్కడ చెడిపోతాడోనన్న భయమే తప్ప మరొకటి కాదని తెలిసినా, వాళ్ళ మాట నేను వినలేను.

నేను బెత్తం పట్టలేదు కానీ, ఆ సెక్షన్‌లోని రెండో సగాన్ని ఒకసారి మీరాను. కొన్నేళ్ళ క్రితం పదో తరగతిలో ఒక అమ్మాయి నోటుబుక్కు పైకెత్తి, తప్పు చేసిన లెక్కను అందరికీ చూపించి, "ఇది పదో తరగతి లెక్కలాగా ఉందా?" అని అడిగాను. తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా నన్ను ఒక్క సందేహం కూడా అడగలేదు. తరువాతి వారం ఆ తరగతి ముందే నిలబడి నేను చేసినది తప్పని చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

అప్పటి నుంచి ఎవరిని ఏమి అనవలసి వచ్చినా బెల్లు కొట్టాక, వరండాలో, ఇద్దరమే ఉన్నప్పుడే అంటున్నాను. పాఠం నడుస్తుండగా ఎవరైనా మాట్లాడుతుంటే పేరు పిలవను. చెప్పేది ఆపకుండానే నడుచుకుంటూ వెళ్ళి ఆ బెంచీ పక్కన నిలబడతాను. అప్పటికీ ఆగకపోతే వాడి పుస్తకంలో చేయవలసిన లెక్క మీద వేలు పెట్టి, మళ్ళీ బోర్డు దగ్గరికి వస్తాను. గోల పెరిగినప్పుడు నా గొంతు తగ్గిస్తాను, ఎందుకంటే నేను అరిచిన కొద్దీ వాళ్ళు నా అరుపు కింద హాయిగా మాట్లాడుకోవడం ఎన్నోసార్లు చూశాను.

మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్ అన్నిటికన్నా కష్టం. పిల్లలు వచ్చేసరికే రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల మీద రెండు చిన్న లెక్కలు బోర్డు మీద ఉంటే, సగం అల్లరి పుట్టక ముందే సర్దుకుంటుంది. జూన్‌లో బడి తెరిచాక నియమాలను వాళ్ళ చేతనే రాయిస్తాను. ఒక ఏడాది "బెల్లు కొట్టగానే సార్ కూడా పాఠం ఆపాలి" అని రాశారు, లెక్క సగంలో ఉన్నా సరే ఏడాదంతా ఆపాను. బెంచీ మీద వృత్తలేఖిని మొనతో పేరు చెక్కిన కుర్రవాడూ నేనూ కలిసి గరుకు కాగితంతో ఆ చెక్కను రుద్దాము. రుద్దుతున్నంతసేపూ క్రికెట్ గురించి తప్ప మరేమీ మాట్లాడుకోలేదు.

ఈ ఏడాది చివరి బెంచీలో ఒక పిల్లవాడు రోజూ నిద్రపోయేవాడు. లేపితే విసురుగా మాట్లాడేవాడు. వరండాలోకి పిలిచి, "ఏం నాన్నా, రాత్రి నిద్ర ఉండటం లేదా?" అని అడిగి, వాడు నోరు విప్పేదాకా ఊరుకున్నాను. వాడి కుడిచేతి వేళ్ళ మీద సన్నని గాట్లు కనిపించాయి. వాళ్ళ నాన్నకు బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఉందని, తెల్లవారుజామున నాలుగింటికే లేచి చట్నీకి కొబ్బరి తురమాలని నెమ్మదిగా చెప్పాడు. పని మాన్పించమని వాళ్ళ నాన్నతో మాట్లాడాను, శనివారాలు తప్ప మిగతా రోజులు వదిలేస్తానన్నాడు. నిద్ర ఆగనప్పుడు పెన్నును పుస్తకం మీద అడ్డంగా పెట్టి, అడగకుండానే కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుని రావచ్చునని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాము. నెల రోజులుగా వాడు విసురుగా ఒక్క మాట అనలేదు. ఈ వారం అదే వరుసలో మరో ఇద్దరి పుస్తకాల మీద పెన్నులు అడ్డంగా కనిపించాయి. వాళ్ళతో వరండాలో ఇంకా మాట్లాడవలసి ఉంది.