మా పాత పికప్‌కు ఆటోమేటిక్ గేర్ బాక్స్: నా అనుభవం

మర్రిగూడ ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా నాయనకు ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. బత్తాయి లోడుతో నల్లగొండ మార్కెట్టుకు బయలుదేరిన ప్రతిసారీ క్లచ్ తొక్కలేక ఆయన పడే యాతన చూడలేక, మా పాత డీజిల్ పికప్‌కు ఆటోమేటిక్ గేర్ బాక్స్ పెట్టించాను. నిన్ననే ఆయన స్వయంగా లోడు తీసుకెళ్లి వచ్చాడు కాబట్టి, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

ఇంజిన్, ఛాసిస్ నంబర్లు మారకపోయినా, బండిలో మార్పుల గురించి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉన్నందున ముందుగానే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. "ఇదంతా ఎవరు చూస్తారు" అనే ఏజెంట్ల మాట ఎవరూ నమ్మవద్దు. రేపు ప్రమాదం జరిగితే బీమా వాళ్లకు జవాబు చెప్పుకోవలసింది బండి యజమానే. ఢిల్లీ మాయాపురిలో టయోటా ఏ340ఈ రకం, నాలుగు గేర్ల బాక్స్ దొరికింది. ఇంజిన్‌కు బాక్స్‌ను జతచేసే అడాప్టర్ ప్లేటు తయారీ, వెనక చక్రాలకు శక్తిని పంపే ప్రొపెల్లర్ షాఫ్ట్ కత్తిరించి బ్యాలెన్స్ చేయడం లేత్ పనివారు చక్కగా పూర్తిచేశారు. పెట్రోలు బండిలోంచి తీసిన బాక్స్ కాబట్టి, గేరు మారే వేగాలను మన డీజిల్ ఇంజిన్‌కు తగ్గట్టు మార్చుకునేందుకు విడిగా ఒక కంట్రోలర్ కొన్నాను.

కష్టమంతా ఆ తర్వాతే మొదలైంది. లివర్‌ను డీలో, అంటే మామూలుగా ముందుకు నడిపే స్థానంలో పెడితే బండి మొండికేసిన ఎద్దులా కదలనంటుంది. కదిలినా ముక్కుతూ మూలుగుతూ నాలుగు బారలు పోతుంది. ట్రాలీ మీద ఎక్కించి హైదరాబాద్‌లోని ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాము. దాని యజమాని బానెట్ కూడా ఎత్తకుండానే "బాక్స్‌ల క్లచ్ ప్లేట్లు కాలిపోయినయ్, మొత్తం విప్పాలె" అన్నాడు. "ఎల్‌లో పెడితే మంచిగనే లాగుతుంది సార్" అని తక్కువ గేరు స్థానం గురించి నేను చెప్పబోతే, "ట్రాక్టర్లు నడిపేటోళ్లకు ఆటోమేటిక్ ఎందుకయ్యా?" అని పనివాళ్లందరి ముందు నవ్వాడు. పక్కనే నిలబడ్డ మా నాయన తల దించుకున్నాడు. చదువు లేకపోయినా ఇంజిన్ చప్పుడు విని లోపం చెప్పగల మనిషిని అంత మాట అన్నవాడికి నా బండి అప్పగించదలచుకోలేదు.

నేను చెప్పబోయిన ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. ఈ బాక్స్‌లో గేర్లు మార్చేవి రెండు సోలెనాయిడ్లు, అంటే కరెంటుతో నూనె దారులను తెరిచి మూసే చిన్న వాల్వులు. మొదటి గేరుకు ఒకటి పనిచేయాలి, రెండో గేరుకు రెండూ పనిచేయాలి. రెండింటికీ కరెంటు అందకపోతే డీలో నేరుగా నాలుగో గేరు పడుతుంది, ఎల్‌లో మాత్రం నూనె ఒత్తిడి మీదే మొదటి గేరు వస్తుంది. అంటే లోపం ప్లేట్లలో కాదు, కరెంటులో ఉందన్నమాట. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టి చూస్తే సోలెనాయిడ్లు రెండూ 11 నుంచి 15 ఓమ్‌ల మధ్యనే, ఉండవలసినట్టే ఉన్నాయి. కంట్రోలర్‌కు 12 వోల్టులు వస్తున్నాయి. కానీ డీలో పెట్టి సోలెనాయిడ్ పనిచేయవలసిన క్షణంలో మీటరులో అంకె ఠక్కున పడిపోయింది. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొసను కంట్రోలర్ ఎర్త్‌కు తాకించి, మళ్లీ గేరు వేసేసరికి, దాదాపు సున్నా ఉండాల్సిన చోట వోల్టులు కనిపించి దొంగ దొరికాడు. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ ఎర్త్ రింగును క్యాబిన్ పెయింటు మీదే బిగించి వెళ్లాడు. క్యాబినేమో రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది, అక్కడి నుంచి ఛాసిస్‌కు ఉన్న ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది. మొదటి గేరు అడిగిన ప్రతిసారీ కంట్రోలర్ ఆగిపోయి బండి నాలుగో గేరులో పడుతోంది.

రింగు తీసేసి, బ్యాటరీ మైనస్ నుంచి కంట్రోలర్‌కు నేరుగా ఒక మందపాటి వైరు వేశాను. బండి మొదటి గేరులో కదిలింది, రెండో గేరు కూడా తెలియకుండానే పడింది. బాక్స్ విప్పుడు కూలి కింద ఆ వర్క్‌షాపు అడిగిన డబ్బు మొత్తం నా దగ్గరే ఉంది.

ఇదే బాక్స్ పెట్టించుకునేవారు, యాక్సిలరేటర్ ఎంత తొక్కామో బాక్స్‌కు తెలిపే థ్రాటిల్ కేబుల్‌ను చిన్న విషయమనుకోవద్దు. గేర్లు మార్చేది కరెంటే అయినా, లోపలి నూనె ఒత్తిడిని ఆ కేబులే నిర్ణయిస్తుంది. అది వదులుగా ఉంటే ప్లేట్లు నిజంగానే కాలిపోతాయి. మాది డీజిల్ పంప్ లివర్‌కు బిగించి, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగుతోందని చూసుకున్నాకే నాయన చేతికి తాళం ఇచ్చాను.