హెడ్ విప్పకముందే తేల్చుకోవలసినవి

మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డ బండికి టెంపరేచర్ ముల్లు పైకి లేచిందా, ఆటోనగర్ చేరేలోపే నలుగురూ ఒకటే మాట అంటారు: హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ బ్లాక్‌కి, దాని పైనున్న సిలిండర్ హెడ్‌కి మధ్య గ్యాస్, నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే పలుచటి పొర అది. నిజంగా పోతే హెడ్ దించక తప్పదు. పోకుండానే దించితే మాత్రం గ్యాస్కెట్, బోల్టులు, మనిషి కూలీ అన్నీ దండగ, అసలు జబ్బు అలాగే ఉంటుంది. పరీక్షలకు ఒకటి రెండు రోజులు చాలు. అంతవరకు ఆగండి.

ముందు ఎక్కడ హీటెక్కుతోందో గమనించాలి. ఊళ్లో ఆగినప్పుడు ముల్లు లేచి, వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కగానే దిగిపోతోందంటే గాలి తగిలితే చల్లబడుతోందన్నమాట. రేడియేటర్ ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజ్ చూడండి. ఊళ్లో బాగుండి హైవే మీద 80 కిలోమీటర్ల వేగం దాటాక హీటెక్కితే రేడియేటర్‌లో సుద్ద పట్టి ఉండొచ్చు, ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, గ్యాస్కెట్ కూడా కావచ్చు. ఇక అక్కడి నుంచి అసలు పరీక్ష.

దానికి రాత్రంతా ఆగిన బండి కావాలి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి, ఎవరు తొందరపెట్టినా తీయొద్దు. పొద్దున్నే మూత తీసి, మళ్లీ బిగించి, స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. నీళ్లింకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లో హోస్ రాయిలా గట్టిపడితే సందేహించాల్సిందే. మామూలుగా హోస్‌లో ప్రెషర్ వచ్చేది నీళ్లు వేడెక్కితేనే. చల్లటి నీళ్లలో అంత ప్రెషర్ ఉందంటే సిలిండర్‌లో మండిన గ్యాస్ నీళ్లదారిలోకి తోసుకొస్తోందని అర్థం.

రేడియేటర్‌లో బుడగలు చూసి వెంటనే నిర్ణయానికి రావద్దు. కూలెంట్ ఈమధ్యే మార్చి ఉంటే లోపల చిక్కిన గాలి కూడా బుడగలుగానే వస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గకుండా, రేస్ చేస్తే ఎక్కువవుతుంటే అది గ్యాసే. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి అక్కడి గాలిని ఒక ద్రవంలోంచి లాగే పరికరం బ్లాక్ టెస్టర్, అందులోని నీలం ద్రవం పెట్రోల్ బండికి పసుపు రంగులోకి మారితే ఇంక వాదన అక్కర్లేదు. అయితే నీళ్ల మట్టం కొంచెం తగ్గించి పెట్టాలి. కూలెంట్ ఆ ద్రవంలోకి పీల్చుకుపోతే పరీక్ష పాడవుతుంది. డీజిల్‌కి దానికోసం ఉన్న వేరే ద్రవం వాడాలి.

ఆయిల్ విషయంలో చాలామంది పొరబడతారు. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే మీగడలాంటి తెట్టు కనిపిస్తే, అది రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో పట్టిన చెమ్మ అయ్యుండొచ్చు. డిప్‌స్టిక్ తీసి చూడండి. అక్కడా పాల టీ రంగే ఉంటే, మట్టం పెరిగి ఉంటే, నీళ్లు కలిసినట్టే. ఇక ఆ బండిని నడపొద్దు, బేరింగులు పోతాయి. అప్పుడు కూడా ఆయిల్ కూలర్ ఉన్న ఇంజన్‌లో ముందు కూలర్ చూడాలి. డీజిల్‌లో కూలెంట్ మాయమై తెల్లపొగ వస్తుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను నీళ్లతో చల్లబరిచే భాగం) పగిలిందేమో చూడకుండా హెడ్ జోలికి పోవద్దు.

కంప్రెషన్ తీసేటప్పుడు, అంటే ఒక్కో సిలిండర్‌లో ప్రెషర్ ఎంతొస్తోందో గేజ్‌తో కొలిచేటప్పుడు, ఇంజన్ వేడి మీద అన్ని స్పార్క్ ప్లగ్‌లూ విప్పి, ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్‌తో ఇంజన్ నాలుగైదు చుట్లు తిప్పాలి. పెట్రోల్ ఇంజన్లలో మామూలుగా 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. అంకె కంటే తేడా ముఖ్యం. 170, 168, 95, 90 అని వచ్చిందనుకోండి, పక్కపక్కన ఉన్న మూడు, నాలుగు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కటే తక్కువుంటే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా గ్యాస్కెట్. కంప్రెషన్ అన్నిటా బాగుందని గ్యాస్కెట్‌ని వదిలేయకూడదు, చిన్న లీకు ఈ గేజ్‌కి దొరకదు.

అలాంటి లీకు, రేడియేటర్ నోటికి బిగించే గేజ్ ఉన్న ప్రెషర్ పంపుతో దొరుకుతుంది. చల్లటి ఇంజన్‌కి రేడియేటర్ మూత మీద రాసిన 0.9 లేదా 1.1 బార్ వరకే గాలి కొట్టి, కొన్ని గంటలు వదిలేయండి. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే, ప్లగ్‌లు విప్పి సెల్ఫ్ కొట్టండి, లీకున్న సిలిండర్ నీళ్లు చిమ్ముతుంది. ప్లగ్‌లు ఉంచి కొట్టారో, సిలిండర్‌లో చేరిన నీళ్లు అణగక పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

ఈ పరీక్షల్లో గ్యాస్కెట్టే పోయిందని తేలితే హెడ్ దించండి. దించాక హెడ్ అడుగు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారైన ఇనుప బద్ద) అడ్డంగా, పొడవుగా, మూలకు మూల పెట్టి, కింద సందును ఫీలర్ గేజ్ రేకులతో కొలవాలి. చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటరుకు మించి వంపు పనికిరాదు. మించితే ఫేసింగ్‌కి (మెషిన్ మీద చదును చేయడానికి) ఇచ్చి, పగుళ్లకు ప్రెషర్ టెస్టు కూడా అడగండి. బోల్టులు బిగించాక ఇంకా ఇన్ని డిగ్రీలని యాంగిల్ తిప్పే రకమైతే పాతవి వాడొద్దు, అవి ఒకసారి సాగిపోయినవి. బిగింపు మధ్య నుంచి అంచులకు, మాన్యువల్లో ఇచ్చిన వరసలోనే.

సీలెంట్ డబ్బాలు పోస్తే గ్యాస్కెట్ బాగుపడదు, రేడియేటర్ సన్నగొట్టాలు మూసుకుపోతాయి. బోరు నీళ్లు కూడా అంతే, ఆ సుద్దే రేపటి హీటింగ్. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోసి, గాలి పూర్తిగా వదిలాక, బండిని ఎండలో ఐడిల్‌లో పెట్టండి. ఏసీ ఆపి, ఫ్యాన్ తనంతట తాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా దగ్గర నిలబడి చూశాకే బండి ఇవ్వాలి.