చివరి వరుసలో నడిచినవాళ్లం

మొదటిసారి ఛారిటీ వాక్‌కు వెళ్లిన రోజున అక్కడ నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. క్యాన్సర్ రోగుల చికిత్సకు విరాళాలు పోగుచేయడానికి తలపెట్టిన 10 కిలోమీటర్ల నడక అది. అమ్మ అదే జబ్బుతో పోయి అప్పటికి ఏడాది దాటింది. ఓదార్పు మాటలు వినే ఓపిక కూడా నశించి, మనుషులకు దూరంగా ఉండటమే అలవాటైపోయిన రోజులవి. నడిచేవాళ్ల చొక్కాలకు నంబరు కాగితాలను పిన్నీసులతో గుచ్చే పని నేనే అడిగి తీసుకున్నాను, ఎందుకంటే ఆ పనిలో ఎవరితోనూ ఎక్కువసేపు మాట్లాడనక్కరలేదనుకున్నాను. కానీ ప్రతి కాగితం మీదా నంబరు కింద ఒక పేరు రాసి ఉంది. వాళ్లు ఎవరిని తలచుకుని నడుస్తున్నారో వాళ్ల పేరు అది. నాన్న, అక్క, చిన్న కొడుకు, పక్కింటి పిల్ల, ఇలా ఎన్నో పేర్లు నా వేళ్ల కింద నుంచి వెళ్లాయి. చివరికి ఒక పెద్దావిడ ఖాళీ కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, "నువ్వెవరి కోసమమ్మా?" అని అడిగింది. అమ్మ పేరు రాసి ఎంతకాలమైందో ఆ అక్షరాలు రాస్తుంటే తెలిసింది.

ఇటువంటి నడకల్లో అందరికన్నా వెనక ఇద్దరు వాలంటీర్లు నడుస్తారు. చివరి మనిషి గమ్యం చేరేదాకా ఆ మనిషిని దాటి ముందుకు పోకపోవడమే వాళ్ల పని. ఆ రోజు ఆ ఇద్దరిలో ఒకరు రాలేకపోవడంతో నన్ను పంపారు. రెండో వ్యక్తి నాకు బొత్తిగా కొత్త. మా ముందు నడుస్తున్న చివరి మనిషి, నాకు కాగితం ఇచ్చిన ఆ పెద్దావిడే. ఏడో కిలోమీటరు దగ్గర ఆవిడ మడమకు బొబ్బ లేచి చిట్లింది. ఆయన రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, మీ కాలు నా మోకాలి మీద పెట్టండి" అని, మొహమాటపడుతున్న ఆవిడ పాదాన్ని నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, ప్లాస్టర్ అంచులు ముడతపడకుండా బొటనవేలితో నెమ్మదిగా అదిమాడు. తొందర పెట్టలేదు, ఇక ఆపేయమని సలహా ఇవ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లకు మేమిద్దరం పెళ్లి చేసుకున్నాం గానీ, ఆయనను నేను నిజంగా చూసింది ఆ పది నిమిషాల్లోనే.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మనం ఎంతో కొంత మనల్ని మనం చక్కదిద్దుకుని చూపిస్తాం. పక్కపక్కన నడిచేటప్పుడు, అందులోనూ మూడో మనిషి బాగోగులు చూసుకుంటూ నడిచేటప్పుడు, ఆ అవకాశం ఉండదు. అలసటలో ఎవరి స్వభావం వాళ్లది బయటపడుతుంది. 1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలై, 1986 నుంచి సామాన్యులకూ ప్రవేశం కల్పించిన ట్రెయిల్‌వాకర్ అనే విరాళాల నడకలో నలుగురు ఒక జట్టుగా 100 కిలోమీటర్లను 48 గంటల్లో పూర్తి చేయాలి. నలుగురూ కలిసే గమ్యం చేరాలంటే అందరిలోకీ నెమ్మదైనవాడి అడుగే జట్టు మొత్తానికి వేగం అవుతుంది. ఈ పద్ధతి రూపొందించినవాళ్లకు మనుషులు బాగా తెలుసనిపిస్తుంది.

కుడికాలు క్యాన్సర్‌కు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ కాలితో కెనడా మీదుగా 143 రోజుల పాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన సంగతి చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆయన వెంట వ్యాను నడుపుతూ, వంట చేసిపెట్టిన స్నేహితుడు డగ్ ఆల్వార్డ్ ఎక్కువగా గుర్తొస్తాడు. అలసట వల్ల ఇద్దరికీ మాటలు కూడా ఆగిపోతే, టెర్రీ తల్లిదండ్రులు వచ్చి సర్దిచెప్పవలసి వచ్చింది. కలిసి సేవ చేసేవాళ్ల మధ్య ఎప్పుడూ ప్రేమే పొంగుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. మా బృందంలోనూ ఖర్చుల విషయంలో గట్టి వాదనలే జరిగాయి. కిలోమీటరుకు ఇంత అని మాట ఇచ్చి డబ్బు పంపినవాళ్లకు, అందులో ఏర్పాట్లకు ఎంత పోయిందో, రోగులకు ఎంత చేరిందో పైసాతో సహా లెక్క చూపాలని పట్టుబట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ లెక్క లేకపోతే నడక కేవలం వ్యాయామమే అవుతుంది.

నడక ఏడాదికి ఒక్క రోజే. మిగిలిన రోజుల్లో మేం వంతులవారీగా ఆసుపత్రికి వెళ్లి, తోడు లేని రోగుల దగ్గర కూర్చుంటాం. మందుల చీటీ చదివి చెబుతాం, పరీక్షల దగ్గర వరుసలో నిలబడతాం, చాలాసార్లు ఏమీ చేయకుండా పక్కన ఉంటాం. నాకు జ్వరం వచ్చిన వారంలో మా తలుపు తట్టినవాళ్లంతా ఆ వంతుల పట్టికలోని మనుషులే.

వచ్చే నెల మళ్లీ నడక ఉంది. పెద్దావిడ మోకాళ్లు ఇప్పుడు 10 కిలోమీటర్లకు ఒప్పుకోవడం లేదు కాబట్టి, పిన్నీసుల డబ్బా ఆవిడకు అప్పగించాం. పోయినసారి నా నంబరు కాగితం మీద అమ్మ పేరు ఆవిడే రాసి, నా భుజం దగ్గర చొక్కా పట్టుకుని, పిన్నీసు ఒంటికి గుచ్చుకోకుండా తన వేలు అడ్డం పెట్టి మరీ గుచ్చింది.