జెల్ అంటే సగంలో ఆగిపోయిన ఫేజ్ సెపరేషన్

కొల్లాయిడ్ కణాల (ద్రవంలో తేలే అతిచిన్న కణాల) మధ్య ఆకర్షణ పెంచితే అవి అంటుకుని జెల్ కడతాయన్నది సగం నిజమే. అంటుకున్న కణాలు ముద్దలై అడుక్కి దిగిపోవచ్చు, శాంపిల్ రెండు పొరలుగా విడిపోవచ్చు (ఇదే ఫేజ్ సెపరేషన్), లేదా సీసా అంతటా అల్లుకున్న వల నిలబడిపోవచ్చు. ఏది జరిగేదీ ఆకర్షణ బలం, అది పనిచేసే దూరం, కణాల మోతాదు కలిసి తేలుస్తాయి.

దీన్ని పరిశీలించడానికి వీలైన వ్యవస్థ గోళాకార కణాలు, వాటికి అంటుకోని పాలిమర్. ద్రవంలో పాలిమర్ గొలుసు చుట్టలా ముడుచుకుని ఉంటుంది, ఆ చుట్ట కేంద్రం కణం ఉపరితలానికి తన వ్యాసార్ధం కన్నా దగ్గరగా రాలేదు. రెండు కణాలు బాగా దగ్గరైతే నడుమ సందులో పాలిమర్ ఉండదు. బయట ఉన్న పాలిమర్ కలిగించే ద్రవాభిసరణ పీడనం రెంటినీ కలిపి నొక్కుతుంది. అసాకురా, ఊసావా 1954లో చూపించింది ఇదే.

బలం లెక్క సులువు. చుట్టలు ఒకదానికొకటి ఒరుసుకునే గాఢతను 1 అనుకుని పాలిమర్ మోతాదు చెప్పండి. దాన్ని (1 + 1.5/నిష్పత్తి)తో గుణిస్తే కణాలు తాకినచోట ఆకర్షణ ఎన్ని కేటీలో వస్తుంది. కేటీ అంటే ఉష్ణశక్తి, నిష్పత్తి అంటే చుట్ట వ్యాసార్ధం భాగించు కణం వ్యాసార్ధం. నిష్పత్తి 0.1 అయినప్పుడు మోతాదు 0.2 ఉంటే 3.2 కేటీ, 0.3 ఉంటే 4.8 కేటీ. ద్రవం విడిపోవడం మొదలయ్యే గీత సుమారు 4 కేటీ దగ్గర ఉంటుంది కాబట్టి మొదటిది మామూలు ద్రవంగానే మిగులుతుంది, రెండోది గీత దాటేస్తుంది. తూకంలో చిన్న తేడా వచ్చినా ఫలితం తారుమారయ్యేది ఇందుకే. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కణాలు వదిలిన ఖాళీలోని పాలిమర్ గాఢత, మొత్తం శాంపిల్‌ది కాదు.

గీతకు బాగా లోపలికి వెళితే సాంద్రతలో ఏ చిన్న హెచ్చుతగ్గయినా దానంతట అదే పెరుగుతుంది. చిక్కటి తీగలు, పలచటి ఖాళీలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోతాయి. మామూలు ద్రవమైతే ఈ అల్లిక ముతకబడుతూ పోయి చివరికి రెండు పొరలవుతుంది. ఇక్కడ తీగల లోపల కణాలు గాజు స్థితికి (క్రమం లేకుండానే బిగుసుకుపోయే స్థితికి) చేరువగా కిక్కిరిసి, కదలిక దాదాపు ఆగిపోతుంది. అల్లిక అక్కడే గడ్డకడుతుంది. 2008లో పీటర్ లూ, డేవిడ్ వైట్జ్ తదితరులు నేచర్ పత్రికలో ఈ వాదనకు మైక్రోస్కోపు ఆధారాలు చూపారు. శాంపిల్ గుండా లేజర్ పంపి, కొద్ది కోణంలో చెదిరిన కాంతిని చూసే చిన్నకోణ కాంతి పరిక్షేపణంలో దీని జాడ ఒక వలయం. అది లోపలికి కుంచించుకుంటూ వచ్చి ఒకచోట నిలిచిపోతుంది. నిలవకుండా మధ్యబిందువు దాకా కుంచించుకుపోతూనే ఉంటే అది జెల్ కాదు, పూర్తి విభజన.

పొడవైన పాలిమర్ వాడి నిష్పత్తిని 0.3 దాటిస్తే కథ వేరు. కణాల ద్రవస్థితి స్థిరపడుతుంది, పొరల మధ్య సరిహద్దు చక్కగా కనిపిస్తుంది. చాలా పలచటి కణాలకు ఉప్పు దండిగా వేసి విద్యుత్ వికర్షణ తీసేస్తే మాత్రం దాదాపు 1.8 ఫ్రాక్టల్ పరిమాణమున్న (అంటే లోపల ఖాళీలెక్కువగా, కొమ్మలు కొమ్మలుగా ఉండే) గుత్తులు పెరిగి ఒకదానికొకటి తగులుకుంటాయి.

పనిలో చిక్కులు ఎక్కువగా గురుత్వం వల్లే. నీటిలో 1 మైక్రాన్ వ్యాసమున్న పాలీస్టైరీన్ కణం రోజుకు 2 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. గుత్తులు ఇంకా వేగంగా దిగుతాయి. పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) కణాలకైతే సైక్లోహెక్సైల్ బ్రోమైడ్, డెకాలిన్ అనే ద్రవాలు కలిపి ద్రావణి సాంద్రతను కణాలకు సరిచేస్తారు. వక్రీభవన గుణకం కూడా దగ్గరపడుతుంది కాబట్టి కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో లోతుదాకా కనిపిస్తుంది. డిగ్రీకి దాదాపు 0.1% వ్యాకోచించే ద్రావణిలో ఉష్ణోగ్రత జారితే సరిచేసిన సాంద్రత చెడుతుంది. ఈ ద్రావణిలో కణాలకు విద్యుదావేశం కూడా వస్తుంది. టెట్రాబ్యూటైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే లవణం కొద్దిగా వేయకపోతే ఆ వికర్షణ పాలిమర్ లెక్కనంతా పాడు చేస్తుంది.

పాలిమర్‌ను చిక్కటి స్టాక్‌గా చుక్కలు వేస్తే, ఆ చుక్క పడ్డచోటే ముందుగా ముద్దకట్టి కలపడానికి లొంగదు. ముందే పలచన చేసి, కణాలనే అందులో కలపడం మేలు. మైక్రోస్కోపు కింద పెట్టే సెల్‌లోకి ఎక్కించేటప్పుడు కోతబలం (ద్రవం పొరలు ఒరుసుకుని లాగే బలం) వలను తెంచేస్తుంది కాబట్టి కాలాన్ని సీసా కలిపిన క్షణం నుంచి కాదు, చివరిసారి గట్టిగా కదిపిన క్షణం నుంచి లెక్కించాలి.

జెల్ కట్టిందా లేదా అని సీసా వంచి చూసే పరీక్షను నేనైతే నమ్మను. చిక్కటి ద్రవం కూడా కాసేపు నిలబడుతుంది, బలహీనమైన జెల్ ఆ వంపుకే విరిగిపోతుంది. దానికి బదులు కదలని చోట పెట్టి, క్రమం తప్పకుండా ఫొటోలు తీసి, కణాలున్న భాగం పైమట్టం ఎత్తు కాలంతో ఎలా మారుతోందో గ్రాఫు గీయండి. మొదటి నుంచీ దిగుతూ ఉంటే గుత్తులే పడుతున్నట్టు. చాలాసేపు నిలబడి ఒక్కసారిగా కూలితే వల ఏర్పడిందనే, దాని బరువును అది మోయలేకపోయిందనే.