వానాకాలంలో బొచ్చు కుక్కని ఆరబెట్టడం

గోల్డెన్ రిట్రీవర్‌నో హస్కీనో పెంచుకుంటూ హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజూ ఉండే పనే ఇది. వాకింగ్ నుంచి తడిసి, కడుపు కింద దాకా బురద పూసుకుని వచ్చినవాణ్ని ఆరబెట్టాలి. చాలా ఇళ్లలో చూశాను, టవల్‌తో వీపు మీద గబగబా రుద్దేసి, ఫ్యాన్ వేసి, "అదే ఆరిపోతుందిలే" అని వదిలేస్తారు. ఎండాకాలంలో నిజంగానే ఆరిపోతుంది. ముసురు పట్టినప్పుడు బాల్కనీలో వేసిన జీన్స్ ప్యాంటే రెండు రోజులకి గానీ ఆరదు, అంత ఒత్తు బొచ్చు దానంతటదే ఎలా ఆరుతుంది?

ఈ కుక్కలకి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కనిపించే పొడుగు వెంట్రుకల మీద నీళ్లు చాలావరకు జారిపోతాయి, అవి త్వరగానే ఆరతాయి కూడా. వాటి కింద, చర్మాన్ని ఆనుకుని పొట్టిగా, మెత్తగా, బాగా ఒత్తుగా ఇంకో పొర ఉంటుంది. తడి అక్కడికి దిగిందంటే ఒక పట్టాన బయటికి రాదు. గోల్డెన్ రిట్రీవర్‌ది స్కాట్లాండ్. లార్డ్ ట్వీడ్‌మౌత్ ఎస్టేట్‌లో 1868లో పుట్టిన పిల్లలతో మొదలైన జాతి ఇది, వేటలో నేలకూలిన బాతుల్ని చల్లటి నీళ్లలోంచి తెచ్చివ్వడానికి తయారుచేశారు. ఆ చలికి ఆ బొచ్చు సరిగ్గా సరిపోయింది. మన వానాకాలపు ఉక్కలో మాత్రం ఆ లోపలి తడి అలాగే ఉండిపోతే చర్మం నాని ఎర్రబడుతుంది, కుక్క అదే చోట నాకుతూ గోకుతూ ఉంటుంది, పొద్దున చిన్న మచ్చలా ఉన్నది సాయంత్రానికి రసి కారే పుండు అవుతుంది. డాక్టర్లు హాట్ స్పాట్ అనేది దీన్నే. ఇంట్లో ఒకరకమైన ముక్కిన వాసన వస్తుంటే కూడా చాలాసార్లు కారణం చర్మం మీద ఈస్ట్ అనే ఫంగస్ పెరగడమే, ఎంత సెంటు షాంపూ పెట్టినా తడి పోనంతవరకు ఆ వాసన పోదు.

మా బంటిగాడి విషయంలో నేను చేసేది చెప్తాను. గుమ్మం దగ్గరే "దులుపు" అంటాను, ఒళ్లంతా ఒక్కసారి విదిలిస్తాడు. ఇది ఊరికే ముద్దు కోసం నేర్పించింది కాదు, అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్లు 2012లో జంతువులు నీళ్లు విదిలించుకోవడం మీద చేసిన పరిశోధనలో లాబ్రడార్ సైజు కుక్క సెకనుకి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరుగుతుందని తేలింది, అంత వేగంతో పోయే నీళ్లు మనం ఎన్ని టవళ్లు పెట్టినా అంత త్వరగా పోవు. ఆ తర్వాత కాళ్లు, పొట్ట మామూలు నీళ్లతో కడగాలి. రోజూ షాంపూ వద్దు, చర్మంలో ఉండే నూనె పోతుంది. మా వైపు ఎర్రమట్టి కాబట్టి రెండు మగ్గుల నీళ్లకే దిగిపోతుంది. గుంటూరు వైపు నల్లరేగడి అయితే వేళ్ల సందుల్లో ముద్దలు కట్టేస్తుంది, కాలిని బకెట్‌లో ముంచి వేళ్లతో మెల్లగా విడదీయాల్సిందే.

ఇక టవల్. రుద్దకండి. రుద్దితే తడి బొచ్చు ఉండలు కడుతుంది, ఆ ఉండల కిందే మళ్లీ తడి దాక్కుంటుంది. టవల్ వేసి, అరచేత్తో గట్టిగా అదిమి, కాసేపు అలాగే ఉంచి తీయాలి. కాళ్లని టవల్‌తో చుట్టి పైనుంచి కిందికి పిండుకుంటూ రావాలి. మైక్రోఫైబర్ టవళ్లు బాగుంటాయి గానీ, కొనకపోయినా ఫర్వాలేదు, మెత్తబడిన పాత కాటన్ చీరలూ లుంగీలూ నీళ్లని భలే పీలుస్తాయి.

తర్వాత గాలి. గ్రూమర్ల దగ్గర ఉండే బ్లోయర్ లాంటిది ఉంటే మంచిది, అది వేడితో కాదు, గాలి జోరుతో నీటిని బయటికి తోస్తుంది. మనం జుట్టుకి వాడే డ్రయ్యర్ అయితే చల్లగాలి మీదే పెట్టి, జానెడు కంటే ఎక్కువ దూరంలో, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ముఖం మీదకీ చెవుల్లోకీ గాలి కొట్టకూడదు. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి, గదిలో తేమ తగ్గితే పని సగం అయినట్టే.

ఆరిందో లేదో కంటితో చూస్తే తెలియదు, పైన మెరుస్తూ పొడిగానే కనిపిస్తుంది. బొచ్చుని రెండు చేతుల వేళ్లతో పాయలా విడదీసి, చర్మం కనిపించే దగ్గర చేతి వెనకవైపు ఆనించండి. వెచ్చగా తగిలితే ఆరినట్టు. చల్లగా తగిలితే లోపల తడి ఇంకా ఉంది. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో, తొడల వెనక పొడుగు వెంట్రుకల్లో తప్పకుండా చూడాలి, బంటిగాడికి ఎప్పుడూ ఆఖర్న ఆరేది చెవుల వెనకే. చెవి లోపల కనిపించినంత మేర దూదితో అద్దండి, ఇయర్‌బడ్ మాత్రం దూర్చకండి. వేళ్ల సందులు తుడిచేటప్పుడే గోమార్లు ఉన్నాయేమో కూడా చూసేయండి, ఈ కాలంలో టిక్ ఫీవర్ వచ్చేది వాటి వల్లే.

దువ్వడం పూర్తిగా ఆరాకే.

"ఇదంతా ఎందుకండీ, గుండు కొట్టిస్తే పోలా?" అని అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రెండు పొరలూ ఎండ నుంచి కూడా కాపాడతాయి, పైగా షేవ్ చేశాక కొన్ని కుక్కలకి బొచ్చు మళ్లీ మునుపటిలా రాదు. పాదాల కింద, వేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరిస్తే చాలు, బురద సగం తగ్గుతుంది.

ఇంకొకటి, నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే కుక్కకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు, అది కుక్క నుంచి మనకీ రావచ్చు. కుక్కలకి దీనికి టీకా ఉంది, ఏటా వేయించాలి. వానలకి ముందే వేయించేయండి. గుంటల్లో నీళ్లు తాగనివ్వకండి, మీ చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకుని కడగండి.

బ్లోయర్ మోతకి భయపడే కుక్కలు చాలానే ఉంటాయి. అలవాటు చేయాలంటే ఒళ్లు పొడిగా ఉన్న రోజునే, అవతలి గదిలో ఆన్ చేసి, ఇవతల ఏదైనా తినడానికి పెడుతూ, రోజురోజుకీ కొంచెం దగ్గరికి తేవాలి. అప్పటికీ వణుకుతుంటే బలవంతం చేయకండి. టవల్, ఫ్యాన్, ఏసీతోనే ఆరబెట్టండి, ఇంకో గంట పడుతుంది అంతే, మధ్యమధ్యలో చంకల కింద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.