నడుము దగ్గర నల్ల మచ్చ

మా తిరుపతికి వానలు ఆలస్యంగా వస్తాయి. ఊళ్ళన్నీ వానలు అయిపోయాయనుకునే వేళ మాకు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలదే కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే ఇక్కడ ముసురు పట్టినట్టే. కపిలతీర్థంలో నీళ్ళు పైనుంచి దూకుతాయి, ఉతికిన బట్టలు ఆరవు, పిల్లల ముక్కులు కారుతూనే ఉంటాయి. ముసురు తగ్గగానే చలి. పోయిన సంవత్సరం సరిగ్గా ఈ రెంటికీ మధ్య నాకు స్క్రబ్ టైఫస్ వచ్చింది. అప్పటిదాకా ఆ పేరే విననిదాన్ని. చిత్తూరు, తిరుపతి వైపు ఈ కాలంలో డాక్టర్లు తరచూ చూసే జ్వరమే అని ఆసుపత్రిలో చెప్పాక తెలిసింది. మన ఇళ్ళల్లో అందరికీ తెలియాల్సిన జబ్బిది, అందుకే రాస్తున్నాను.

మేముండేది జీవకోనలో, కొండ కింద, మేడ మీద అద్దె ఇంట్లో. మా ఆయన రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పాప ఎల్‌కేజీ. కార్తీకంలో పెళ్ళిళ్ళు ఎక్కువ కాబట్టి మిషను ముందు నుంచి లేవడానికి కుదరదు. పొద్దున పాపను బడికి పంపడం, మధ్యాహ్నం దాకా కుట్టడం, సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అఆలు దిద్దిస్తూనే హుక్కులు వేయడం. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం వనభోజనాలకని పాకాల దగ్గర మా అమ్మవాళ్ళ ఊరికి వెళ్ళాం. మామిడితోటలో ఉసిరి చెట్టు కింద భోజనాలు. పులిహోర, ఉర్లగడ్డ కూర, వడలు, పాయసం. వానలకు గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంది. తిన్నాక అక్కడే పచ్చిగడ్డి మీద ఒరిగి చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. ఏ పురుగూ కుట్టినట్టు అనిపించలేదు.

పది రోజులు దాటాయేమో, ఒక సాయంత్రం కత్తెర పట్టుకుని ఉండగానే వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. 103 జ్వరం. కళ్ళ వెనక ఒకటే నొప్పి, ఒళ్ళంతా కొట్టి పడేసినట్టు. వీధి చివర డాక్టరు వైరల్ అన్నారు, మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే తగ్గేది, మందు బలం అయిపోగానే మళ్ళీ ఎక్కేది. ఇంకో చోట రక్తపరీక్షలు చేశారు. డెంగీ లేదన్నారు. ప్లేట్‌లెట్లు తొంభై వేలకు పడ్డాయన్నారు. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ కొంచెం కనిపిస్తోందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మన ప్రాంతాల్లో టైఫాయిడ్ ఎప్పుడో వచ్చి పోయినవాళ్ళకూ ఆ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చని తర్వాత విన్నాను. టైఫాయిడ్‌కు మామూలుగా ఇచ్చే ఆ ఇంజెక్షన్లు ఈ జబ్బు మీద పనిచేయవు. స్క్రబ్ టైఫస్ తెచ్చే సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుంటుంది, ఆ రకం మందు దానికి తగలదు.

ఆ రోజుల్లో ఇల్లు ఎట్లా నడిచిందో నాకు పూర్తిగా గుర్తులేదు. మా ఆయన షిఫ్టు మార్చుకుని రాత్రి డ్యూటీకి పోయి, పొద్దున వచ్చి పాపకు జడ వేసి బడికి పంపేవాడు. ఆ జడలు బడికి చేరేలోపే ఊడిపోయేవట. జ్వరం పాపకు అంటుకుంటుందేమోనని దాన్ని మంచం ఎక్కనివ్వలేదు. అది గడప దగ్గర నిలబడి "అమ్మా, ఇప్పుడు రావచ్చా?" అని అడిగేది. రెండు నిమిషాలాగి మళ్ళీ అడిగేది. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకోదని నాకు అప్పుడే తెలిసుంటే దాన్ని పక్కనే పడుకోబెట్టుకునేదాన్ని.

దగ్గు మొదలైంది. బాత్రూము దాకా పోయి వస్తే ఆయాసం. ఊరి నుంచి వచ్చిన అమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి, "ఇంకా కాల్తానే ఉండాది, ఇక్కడ పెట్టుకుంటే కాదు నాయనా" అని అల్లుడితో అంది. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆక్సిజన్ 93కి తగ్గింది. కాలేయం పరీక్షల్లో అంకెలు పెరిగాయి.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వచ్చింది. రిపోర్టులన్నీ ఒకసారి తిప్పి పక్కన పెట్టి, "ఈమధ్య తోటలకు, చేలకు పోయినారామ్మా? గడ్డిలో కూర్చున్నారా?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని మాట అది. వనభోజనాల సంగతి చెప్పాను. నర్సును పిలిచి తెర లాగించి ఒళ్ళంతా వెతికింది. చెవుల వెనక, చంకలు, రొమ్ముల కింద, తొడల మొదళ్ళు. చివరికి నడుము దగ్గర, లంగా బొందు బిగించే చోట ఆగింది. కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. అగరొత్తితో చురక పెట్టినట్టుంది. వేలితో నొక్కి "నొప్పుందా?" అంది. లేదు. దురదా లేదు. అందుకే నా ఒంటి మీద అది ఉందని నాకే తెలియలేదు.

"చూడమ్మా, ఇదే" అని నర్సుకు చూపించింది. ఆమె గొంతులో కనిపించిన ఆ నమ్మకానికే నాకు సగం టెన్షన్ తగ్గింది.

ఆ తర్వాత ఆమె ఓపికగా చెప్పిన సంగతులు ఇవి. గడ్డిలో, పొదల్లో ఎలుకల మీద బతికే మైట్ అనే అతి చిన్న పురుగు పిల్ల కుడితే ఈ జబ్బు వస్తుంది. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి కంటికి ఆనదు, కుట్టిందని తెలియదు. మెత్తటి చర్మం, బట్ట బిగుతుగా ఉండే చోటు వెతుక్కుంటుంది. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం రావచ్చు. మచ్చ అందరిలోనూ కనపడదు, కనపడకపోయినా జబ్బు ఉండొచ్చు. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. వేళకు పట్టుకుంటే మాత్రం మందు చాలా మామూలుది.

ఆ మందు డాక్సీసైక్లిన్, 100 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. జబ్బు అదేనని తేల్చుకోవడానికి ఎలిసా అనే పరీక్షకు రక్తం తీసుకున్నారు గానీ రిపోర్టు కోసం ఆగలేదు. అనుమానం గట్టిగా ఉంటే వెంటనే మొదలుపెట్టేస్తారట. గర్భిణులకైతే దీని బదులు అజిత్రోమైసిన్ ఇస్తారని పక్క మంచం ఆమెకు చెబుతుంటే విన్నాను. మాత్ర వేసుకుని గ్లాసుడు నీళ్ళు తాగమన్నారు, వెంటనే పడుకోవద్దన్నారు. లేకపోతే గొంతులో, గుండెల్లో మంట.

రెండు రోజులు తిరక్కుండానే జ్వరం దిగింది. అన్నాళ్ళు అన్ని మందులకు లొంగనిది కొన్ని రూపాయల మాత్రకు లొంగింది. ఆ రాత్రి చెమట పట్టి దుప్పటి తీసేస్తే చల్లగాలి ఒంటికి హాయిగా తగిలింది. పక్కన స్టూలు మీద కూర్చునే నిద్రపోతున్న మా ఆయన్ని లేపి "బావా, ఆకలేస్తోంది" అన్నాను. ఆయన నా మొహం కాసేపు అట్లాగే చూసి, ఏమీ మాట్లాడకుండా కిందికి పోయి ఎక్కడినుంచో ఇడ్లీలు తెచ్చాడు.

అదే తోటలో, అదే గడ్డిలో పాప కూడా ఆడింది. అది తలచుకుంటే నాకు చెమటలు పట్టేవి. డాక్టరమ్మ చెప్పినట్టు దాని ఒంటిని వెతికి చూశాం, వారాల తరబడి పూటపూటకూ చెయ్యి పెట్టి చూశాం. దానికేమీ కాలేదు.

ఇంటికొచ్చేసరికి ధనుర్మాసం మొదలైంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై వినపడేది, పాప స్వెట్టరు వేసుకోనని మారాం చేసేది. జ్వరం పోయిందంటే అంతా పోయిందనుకున్నారు చూడవచ్చినవాళ్ళు. నీరసం మాత్రం నెలకు పైగా వదల్లేదు. మెట్లు సగం ఎక్కి కూర్చునేదాన్ని. సూదిలో దారం ఎక్కిద్దామంటే వేళ్ళు వణికేవి. ఒప్పుకున్న పెళ్ళి జాకెట్లు పక్కవీధిలో కుట్టే అక్క తీసుకుపోయి పూర్తి చేసి, కూలి నా చేతికే తెచ్చిచ్చింది. ఆ మేలు మరిచిపోలేను. అమ్మ రాగిసంగటి, మిరియాల చారు, ఆకుకూర పప్పు పెడుతూ ఉండిపోయింది. అనపకాయలు వచ్చే కాలం. ఎండలో కూర్చుని నానబెట్టిన గింజలు పితకడమే నేను చేయగలిగిన మొదటి పని. వేళ్ళతో నొక్కితే పొట్టు లోంచి పప్పు జారి పాప మీద పడేది, అది పకపకా నవ్వేది. సంక్రాంతి దాటాక దువ్వెనకు కుచ్చులుగా జుట్టు రావడం మొదలైతే మళ్ళీ భయపడ్డాను. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు అట్లా రాలడం మామూలేనని, మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వచ్చింది కూడా.

ఊరికి వెళ్ళడం మేం మానలేదు. తోటలో ఇప్పుడు మందపాటి టార్పాలిన్ పరుస్తాం. పాపకు కాళ్ళు కప్పే ప్యాంటు, సాక్సులు. ఇంటికి రాగానే అందరికీ సబ్బుతో ఒళ్ళు రుద్ది స్నానం, ఆ బట్టలు అప్పుడే వేడినీళ్ళలోకి. బట్టలు గడ్డి మీద ఆరేసే అలవాటు అమ్మ చేత మాన్పించాను.

ఈ కార్తీకంలో మా వీధికి ఆకుకూరలు తెచ్చే అక్క కొన్నాళ్ళు రాలేదు. జ్వరమని కొడుకు చెప్పాడు. ఫోన్ చేసి మచ్చ ఉందేమో చూసుకోమన్నాను. మోకాలి వెనక ఉందట. ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే అదేనన్నారు, మాత్రలిచ్చారు. మొన్నటి నుంచి మళ్ళీ వస్తోంది. గోంగూర కట్ట చేతిలో పెడుతూ, "మడిలోకి దిగేటప్పుడు మా పిల్లోడి పాత ప్యాంటు చీర లోపల ఏసుకుంటా ఉండా, ఎవురు నవ్వినా సరే" అంది.