నెయ్యి లేని పప్పన్నం

మావాడికి రెండేళ్లు నిండకముందే పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బిపోయి ఉండేవి. "ఒళ్లు చేశాడు, దిష్టి తగులుద్ది" అని అత్తయ్య మిరపకాయలు తిప్పేసేది. విరేచనాలు పళ్లు రావడం వల్లేలే అనుకున్నాం. ఒకరోజు సాక్స్ విప్పితే కాలి మీద ఎలాస్టిక్ గాడి పావుగంటైనా పోలేదు, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంది. అప్పుడేసింది భయం.

గుంటూరులో మొదట చూపించిన చోట కిడ్నీ అన్నారు. తీరా చూస్తే మూత్రంలో ప్రొటీన్ పోవట్లేదు, లివర్ కూడా బాగానే ఉంది, రక్తంలో నీటిని నిలిపి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం 1.8 (3.5 పైన ఉండాలట). ఆల్బుమిన్ ఎక్కిస్తే వాపు తగ్గేది, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేది, చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఆ చిల్లు పేగులో ఉందేమోనని అనుమానించింది విజయవాడలో చూసిన పిల్లల గ్యాస్ట్రో డాక్టరుగారు. పేగులోంచి ప్రొటీన్ పోతోందో లేదో తేల్చే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ పరీక్ష మలంలో చేశారు, తర్వాత ఎండోస్కోపీ. స్క్రీన్ మీద పేగు గోడంతా నువ్వులు చల్లినట్టు తెల్లచుక్కలు. బయాప్సీతో ఖాయమైంది: ప్రైమరీ ఇంటెస్టైనల్ లింఫాంజియెక్టేసియా. 1961లో వాల్డ్‌మన్ అనే అమెరికా డాక్టరు వివరించాడని ఆయన పేరూ పెట్టారు.

మనం తిన్న కొవ్వు పేగులోంచి లింఫ్ నాళాల్లో (రక్తనాళాల్లాగే లింఫ్ అనే ద్రవాన్ని మోసే సన్నటి గొట్టాలు) వెళుతుంది. వీడికి ఆ నాళాలు ఉబ్బి, కారి, ఆల్బుమిన్‌తో పాటు రోగాల్ని ఆపే యాంటీబాడీలు, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కూడా పేగులోకి పోతున్నాయి. మందు కంటే ముందు తిండే మారాలన్నారు, అదీ ఎప్పటికీ. మామూలు కొవ్వు బాగా తగ్గించి, ప్రొటీన్ పెంచి, ఎంసీటీ ఆయిల్ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్స్ అనే రకం కొవ్వుతో చేసిన నూనె) వాడాలి, ఎందుకంటే అది లింఫ్ దారి పట్టకుండా నేరుగా రక్తంలోకి పోతుంది. కొబ్బరినూనె అదే కదా అని పక్కింటావిడ చెప్పింది గానీ, కాదు, అందులో ఎక్కువున్న లారిక్ యాసిడ్ చాలామటుకు లింఫ్ దారే పడుతుందట.

ఈ ఎంసీటీ నూనె తాలింపుకి పనికిరాదు, ఇట్టే పొగొస్తుంది. ఉడికిన పప్పులో డైటీషియన్ చెప్పిన కొలతకి కలిపి పెడతాను. గుడ్డులో తెల్లసొన, వెన్న తీసిన పాలు. మా ఇంట్లో నెయ్యి వేయకుండా పసివాడికి అన్నం కలపడమంటే మాటలా, అత్తయ్య రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆల్బుమిన్ 3.1. మొన్న ఒక పెళ్లిలో ఎవరో ముద్దుగా వాడి చేతిలో సున్నుండ పెట్టారు. నేను చూసేలోపే అత్తయ్య లాక్కుని గబుక్కున తన నోట్లో వేసుకుంది. వాడు హాలు ఎగిరిపోయేలా ఏడ్చాడు.